ఒత్తిగిలించేవాడి అర్జీ

మొదటి రోజు. వెల్లకిల.

ఈ పుస్తకంలో ప్రతి పేజీకి మూడు గడులు. వేళ, పక్క, సంతకం. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా మూడూ నేనే నింపుతున్నాను. ఈ రోజు నుంచి మూడో గడిలో నేను సంతకం పెట్టకూడదు. ఖాళీ గడి చూస్తే ఏదోలా ఉంది. అందుకని పక్కన ఇలా రాస్తున్నాను.

నా పేరు మజ్జి గవరయ్య. మా ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఊరు ఇప్పుడు సముద్రంలో ఉంది. మెట్ట మీద కట్టిన ఈ ఆసుపత్రిలో మంచానపడ్డవాళ్ళను ఒత్తిగిలిస్తాను. అంటే తమంతట తాము పక్కకు తిరగలేనివాళ్ళను రెండు గంటలకోసారి తిప్పుతాను. ఎడమ, కుడి, వెల్లకిల. మళ్ళీ ఎడమ. వేరే పని రాదు.

పొద్దున గోడ చెప్పింది. గోడ అంటే వార్డు గోడే. అది చూస్తుంది, రాసుకుంటుంది, మాట్లాడుతుంది. పెద్దసభవారు వైద్యవృత్తుల జాబితా ఖాయం చేశారట. మొత్తం నలభై ఒకటి. అందులో ఉన్నవాళ్ళే రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. గోడ నలభై ఒకటీ చదివింది. ముప్ఫయ్యారు యంత్రాల పేర్లు. ఐదు మనుషులవి. ఆ ఐదు రకాల మనుషులు మా జిల్లాలో లేరు. నా పని పేరు వినపడలేదు. ఇంకోసారి చదవమని అడుగుదామనుకున్నాను. మొహమాటం వేసింది.

జాబితాలో లేనివాడు ముట్టుకుంటే ఆ మంచం మీద పసుపు దీపం వెలుగుతుంది. మూడుసార్లు వెలిగితే రోగిని కొండవార్డుకు పంపుతారు. అక్కడ మనుషులు ఉండరు. పరుపులే అన్నీ చూసుకుంటాయి.

"రోగి రక్షణ కోసం," అంది గోడ.

"ఔనండి," అన్నాను.

సాయంత్రానికి పన్నెండు మంచాలకూ గాలిపరుపులు వేశారు. ఒక వైపు గాలి నిండుతుంది, మనిషి అటు నుంచి ఇటు ఒరుగుతాడు. రెండు గంటలకోసారి. బాగానే ఉంది. చప్పుడు కూడా లేదు.

రెండో రోజు. పరుపు లెక్కలో ఎడమ. నేను చూసింది కుడి.

నాలుగో మంచం ఎస్తేరమ్మ సిస్టర్‌ది. ఇక్కడ రాస్తున్న పక్కలు ఆవిడవే. ఈ ఆసుపత్రిలోనే ఆవిడ నర్సు. నర్సులనేవాళ్ళు ఆసుపత్రుల్లో ఉన్న కాలం అది. నాకు పని నేర్పింది ఆవిడే. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. అంతకుముందే ఎడమ తుంటి విరిగి వంకరగా అతుక్కుంది. ఇప్పుడు ఆవిడకు ఒకే మాట మిగిలింది. "నెక్స్టు." వార్డులో ఒక మంచం పని ముగించి రెండో మంచానికి కదిలేటప్పుడు అనే మాట. దాహం వేసినా అదే, కోపం వచ్చినా అదే. గొంతును బట్టి తెలుసుకోవాలి.

పొద్దున పరుపు ఆవిడను ఎడమకు ఒరగదీసింది. వంకర తుంటి ఒప్పుకోలేదు. సగం దూరం వెళ్ళి జారి మళ్ళీ కుడివైపే పడింది. పరుపు మాత్రం ఎడమ అని రాసుకుంది. రెండు గంటల తర్వాత వెల్లకిల అని రాసుకుంది. అప్పుడూ కుడే.

మిగతా పదకొండు మంది చక్కగా తిరుగుతున్నారు. పరుపు అబద్ధం చెప్తోందని అనలేను. అది గాలి పంపింది. పంపిందే రాసింది.

పది గంటలకు నా చెయ్యి దానంతట అదే వెళ్ళింది. ఒక చెయ్యి భుజం వెనక, ఒకటి నడుము వెనక. అలవాటు. పసుపు దీపం వెలిగింది.

"ఒకటి," అంది గోడ.

చెయ్యి తీసేశాను. ఆవిడ నా వైపు చూసి "నెక్స్టు" అంది. అది కోపం గొంతు.

నాలుగో రోజు. కుడి.

నన్ను మేడమీదికి మార్చారు. ఎండపలకలు, అంటే ఎండతో కరెంటు పుట్టించేవి, తుడవాలి. వాటి మీద ఉప్పు పేరుకుంటుంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. రెండు వందల పలకలు. పన్నెండింటి తర్వాత కిందికి దిగి వార్డులో కూర్చోనిస్తారు. కూర్చోవడం నేరం కాదు.

డాక్టరు పెట్టె, అంటే డాక్టరు బదులు చూసే యంత్రం, చెయ్యి చాచి సిస్టరమ్మ గుడ్డ తప్పించి చూసింది. నేనూ చూశాను. కుడి తుంటి మీద ఎర్రమచ్చ. చింతగింజంత.

మచ్చను వేలితో నొక్కి చూడాలి. తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే పరవాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే లోపల చెడుతున్నట్టు. ఇది కూడా ఆవిడ నేర్పిందే. పెట్టె నొక్కలేదు. మందు చల్లి వెళ్ళిపోయింది. నేను నొక్కకూడదు.

వార్డు ఊడ్చే తవిటమ్మ నా పక్కన చీపురు పట్టుకుని నిలబడింది. ఊడ్చేవాళ్ళకు జాబితా లేదు. దుప్పట్లు మార్చొచ్చు, మంచం తుడవొచ్చు. అది వైద్యం కాదు కాబట్టి దీపం వెలగదు.

"అదేటన్నా, అలా సూస్తన్నావు?"

చెప్పాను.

"ఆ గోడకి సెప్పలేదా?"

"చెప్పాను. పరుపు లెక్క సరిగ్గానే ఉందంది."

"నువ్వేటన్నావు?"

"ఔనండి అన్నాను."

తవిటమ్మ చీపురుతో గోడను ఒక్కటి వేసింది. చీపురు దెబ్బకు దానిలో లెక్క లేదు.

"అర్జీ పెట్టు," అంది. "పెద్దసభలో అర్జీల సంగం ఉందంట. మా మరిది పడవల మీద పెట్టినాడు. వైద్యపు పనుల మీద ఇప్పుడు తెగ తీసుకుంటన్నారంట. నీ పని జాబితాలో ఎక్కించమను."

నేను ఎవరికీ ఎప్పుడూ అర్జీ పెట్టలేదు. అలాగే అన్నాను.

ఆరో రోజు. కుడి.

అర్జీకి నలభై గొంతులు కావాలి. వెనకటిలా వేలిముద్రలు కాదు. ఒక్కొక్కరూ గొంతు పట్టే డబ్బాలో "నేను ఒప్పుకుంటున్నాను" అనాలి. తవిటమ్మ ఆ డబ్బా పట్టుకుని రెండు రోజులు తిరిగింది. వార్డులో మాట ఉన్నవాళ్ళు ఏడుగురు. వంటగది వాళ్ళు, మెట్ట కింద చేపలమ్మేవాళ్ళు, ఆవిడ మరిది, మరిది పడవలో ఉన్నవాళ్ళు.

"నువ్వెందుకు ఒప్పుకుంటున్నావో నీకు తెలుసా?" అని ఒకతన్ని అడిగాను.

"మా వొదిన ఒప్పుకోమందండి," అన్నాడు.

సిస్టరమ్మ నోటి దగ్గర కూడా డబ్బా పెట్టాం. "నెక్స్టు," అంది. డబ్బా ఒప్పుకోలేదు. ఆవిడ మళ్ళీ "నెక్స్టు" అంది, ఈసారి గట్టిగా. ముప్ఫైతొమ్మిది దగ్గరే ఆగింది. నలభయ్యోది రొయ్యలమ్మే ఆవిడది.

అర్జీ కేంద్రం మెట్టకు అవతల. లోపల ఒక్కరినే రానిస్తారు. తవిటమ్మ బయట ఉండిపోయింది. హైమావతి అని ఒక అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"తాతగారూ, ఈ అర్జీల పెట్టె అడుగుతుంది, మీరు చెప్పండి. కంగారు పడకండి."

కంగారు పడ్డాను.

"మీ వృత్తి?" అంది పెట్టె.

"ఒత్తిగిలించడం అండీ."

పెట్టె కొంచెం సేపు ఆగింది. "ఒత్తిడి కలిగించడం. ఇదేనా?"

"ఔనండి," అన్నాను.

మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే ముందు ఔనండి అంటాం. అంటే మీ మాట విన్నానని. అసలు మాట తర్వాత చెప్తాం. పెట్టె ఆ తర్వాతి మాట కోసం ఆగలేదు.

"అర్జీ స్వీకరించాం. పది రోజుల్లో నిర్ణయం."

నేను నోరు తెరిచాను. పెట్టె దీపం ఆరిపోయింది. హైమావతి వేరే ఆయన్ని పిలుస్తోంది. మళ్ళీ అడగడం బాగుండదని లేచాను.

బయట తవిటమ్మ అడిగింది. "సెప్పినావా?"

"చెప్పాను."

"ఏటడిగింది?"

"వృత్తి అడిగింది."

అంతవరకే చెప్పాను.

పదో రోజు. కుడి.

మచ్చ రేగుపండంత. నల్లబడింది. డాక్టరు పెట్టె మందు చల్లుతోంది.

రెండు వందల పలకలు తుడిచాను.

పన్నెండో రోజు. కుడి.

పుండు తెరుచుకుంది. రాయడానికి ఇంకేమీ లేదు.

పలకలు తుడుస్తుంటే సిస్టరమ్మ నాకు పని నేర్పిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ముప్ఫైతొమ్మిదేళ్ళు. మొదటి రోజు ఒక పెద్దాయన్ని వెనక నుంచి తోశాను. ఆయన మంచం కమ్మి పట్టుకుని అరిచాడు.

"తొయ్యకు గవరయ్యా," అంది ఆవిడ. "తోస్తే పడిపోతానని భయపడతాడు. అటుపక్కకు వెళ్ళి నీవైపు లాక్కో. నీ ఒళ్ళు కనపడుతుంటే భయం ఉండదు. మోకాళ్ళ మధ్య తువ్వాలు పెట్టు. దీన్ని ఒత్తిగిలించడం అంటారు."

మాట నాకు తెలుసు. నిద్రలో అటూ ఇటూ దొర్లితే మా అమ్మ ఆ మాట అనేది. పని పేరు అవుతుందని మాత్రం తెలియదు.

పదహారో రోజు. కుడి.

నిర్ణయం వచ్చింది. గోడ చదివింది.

"అర్జీ సంఖ్య ఆరువేల నూట పద్దెనిమిది. రోగులపై ఒత్తిడి కలిగించే వ్యక్తులను వైద్యవృత్తిగా గుర్తించవలెనన్న అర్జీదారుని కోరికను సంఘము పరిశీలించినది. రోగులపై ఎటువంటి ఒత్తిడి తెచ్చుటయైనను ఇప్పటికే నేరము. ఇట్టి కోరిక పట్ల సంఘము విచారము వ్యక్తము చేయుచున్నది. నలుబదిమంది పౌరులు దీనిని బలపరచుట ఆశ్చర్యకరము. అర్జీ ముగించడమైనది."

తవిటమ్మ తడిగుడ్డ బాల్చీలో పడేసింది.

"ఒత్తిడేటి? ఎవుడు తెచ్చినాడు ఒత్తిడి?"

అప్పుడు చెప్పాను. పెట్టె అడిగింది, నేను ఔనండి అన్నాను.

"ఔనండని సెప్పీసినావా?"

"విన్నాను అని చెప్పాను."

"అది పెట్టె అన్నా! మీ ఊరి కరణం కాదు!"

"ఔను," అన్నాను.

"మళ్ళీ ఔనంటాడు!" అని గోడతో చెప్పింది. తర్వాత నా పక్కన కింద కూర్చుంది. "మా మరిది నన్ను ఊరంతా నవ్వులపాలు సేస్తాడు," అంది. "రోగుల్ని పీడించడానికి గొంతులడిగింది మా వొదిన అని."

పుండు నిమ్మకాయంత ఉంది. వార్డులో వాసన మొదలైంది. వాసన తీసెయ్యడానికి గోడ గులాబీ అత్తరు కొట్టింది.

పద్దెనిమిదో రోజు. కుడి.

హైమావతి తవిటమ్మతో చెప్పిందట, ఒక్కసారి తిరిగి వినమని అడగొచ్చని. ఈసారి పెట్టె కాదు, సంఘంవాళ్ళే తెర మీద కనపడతారు. ఒక్క నిమిషం ఇస్తారు. వచ్చే గురువారం. తవిటమ్మ ఒప్పుకుని వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి పరుపు సిస్టరమ్మను ఎడమకు ఒరగదీసింది. ఈసారి గాలి ఎక్కువ పంపింది. ఎక్కువ పంపితే తిరుగుతుందని దాని లెక్క కాబోలు. ఆవిడ ఎడమకూ తిరగలేదు, కుడికీ జారలేదు. మంచం చివరికి దొర్లింది. పట్టుకున్నాను. పట్టుకోకపోతే కింద పడేది.

పసుపు దీపం.

"రెండు," అంది గోడ. "ఇంకొకటి మిగిలింది."

"పడిపోతోందండి."

"పడితే ఎత్తే యంత్రం ఉంది."

ఆవిడ బరువు నా చేతుల్లో ఉంది. బాగా తగ్గింది. మెల్లగా పరుపు మీద పెట్టి చేతులు తీసేశాను. ఎలాగూ దీపం వెలిగింది కదా, అదే అదునులో ఎడమకు తిప్పేసి ఉండాల్సింది. ఆ సంగతి తర్వాత తోచింది.

ఇరవయ్యో రోజు. కుడి.

మేడమీద తవిటమ్మ నాకు పాఠం చెప్పింది. పలక మీద కూర్చోవద్దంటే వినదు.

"నాను సంగం పెద్దని. నువ్వు నువ్వే. ఏమయ్యా గవరయ్యా, నువ్వు రోగుల్ని పీడిస్తావా?"

"ఔ..."

"కాదను!"

"కాదండి."

"మళ్ళీ. ఏమయ్యా, నీకు బుర్ర లేదా?"

"ఔనండి."

"ఓలమ్మో!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత నవ్వింది. నాకూ నవ్వొచ్చినట్టుంది. చాలా రోజులైంది కాబట్టి సరిగ్గా తెలియలేదు.

ఇరవైసార్లు అనిపించింది. కాదండి, కాదండి. డెబ్బై ఏళ్ళలో అన్నిసార్లు ఆ మాట అని ఉండను.

ఇరవై ఐదో రోజు. కుడి.

గురువారం. తవిటమ్మను కూడా లోపలికి రానిచ్చారు. అర్జీదారు ముసలివాడైతే తోడు ఒకరు ఉండొచ్చట.

తెర మీద ఐదుగురు. మధ్యలో కళ్ళద్దాల ఆవిడ అధ్యక్షురాలు. గంటకు అరవై అర్జీలు. అన్నీ వైద్యం పనుల మీదే.

మా ముందు చెవిలో గులిమి తీసే ఒకాయన. తన పని జాబితాలో చేర్చమన్నాడు. కాగితంలో తవ్వి తీసే పని అని ఉంది కాబట్టి గనుల శాఖకు పంపడమైనది అన్నారు. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత పళ్ళసెట్లు సరిచేసే ఇద్దరు అన్నదమ్ములు. చర్చ వాయిదా. తర్వాత రోగుల్ని నవ్వించే యంత్రం చేసిన కంపెనీ మనిషి. చేర్చడమైనది. నలభై రెండు అయింది.

"గవరయ్యగారు," అంది అధ్యక్షురాలు. కాగితం చూసి మొహం ముడిచింది. "మీరేనా రోగుల మీద ఒత్తిడి తెచ్చేది?"

"ఔ..."

తవిటమ్మ గిల్లింది.

"కాదండి," అన్నాను.

గది అంతా వినపడి ఉంటుందనుకున్నాను. ఉండదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"మరి మీరు చేసేది ఏమిటి?"

చెప్పాలి. రాలేదు. ఇంటి దగ్గర అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. కాదండి దగ్గరే నా దగ్గరున్నదంతా అయిపోయింది. నలభై సెకన్లు మిగిలాయని తెర మూలన అంకె తిరుగుతోంది.

అక్కడ ఒక బల్ల ఉంది. దాని మీద పడుకున్నాను. వెల్లకిల. చేతులు కదలనివాడిలా పక్కన పడేశాను. తవిటమ్మకు అర్థమైంది. నా ఎడమపక్కకు వచ్చి, నేను చేసేటట్టే, ఒక చెయ్యి భుజం వెనక, ఒకటి నడుము వెనక పెట్టి తనవైపు లాక్కుంది. చీపురు పట్టే చెయ్యి. బలంగా ఉంది. నేను ఎడమకు ఒత్తిగిలాను. తన భుజం మీది తువ్వాలు తీసి నా మోకాళ్ళ మధ్య దూర్చింది.

అలా పడుకుని తెరను అడ్డంగా చూశాను. ఐదుగురూ అడ్డంగా కనపడ్డారు. నన్ను ఇంతమంది ఎప్పుడూ చూడలేదు.

"ఇదండి," అన్నాను.

ఒక సభ్యుడు నవ్వాడు. "మా ఆవిడ రోజూ నాకు చేస్తుంది. గురక పెడితే."

"ఇందులో మందు ఏమైనా వాడతారా?" అంది అధ్యక్షురాలు.

"లేదండి."

"పరికరం?"

"తువ్వాలండి."

ఇంకో ఇద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గడియారం చూసుకుంది.

"మందు లేదు, పరికరం లేదు, చదువు అక్కర్లేదు. మనిషిని పక్కకు తిప్పడం. ఇది వైద్యం కాదు, ఇంట్లో ఎవరైనా చేసే పని. అంతే కదండీ?"

"ఔనండి," అన్నాను.

విన్నాను అని. దాని తర్వాతి మాట నా దగ్గర ఉంది. నోటి చివరి దాకా వచ్చింది. అది చెయ్యకపోతే మనిషి ఒళ్ళు కుళ్ళిపోతుందండి అని. తెర మీద అప్పటికి వేరే అర్జీ అంకె పడింది.

బల్ల దిగాను. తువ్వాలు తవిటమ్మకు ఇచ్చాను.

మెట్ట ఎక్కేదాకా ఆవిడ నా ముందు గబగబా నడిచింది. ఎక్కాక మొదలెట్టింది.

"ఇరవై మాట్లు సెప్పించినాను. ఇరవై! ఒక్క కాదండి అనీసి అయిపోనాదేటి? రెండోది ఏ రోజుకి దాసుకున్నావు? నీ పని పనే కాదంటే ఔనండంటావా? ముప్ఫై ఏళ్ళు ఏటి పీకినట్టు?"

"విన్నానని..."

"ఇను! ఇను! ఇంటూనే ఉండు!"

బాధగా ఉందేమోనని లోపల చూసుకున్నాను. తెలియలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

ఇరవై ఆరో రోజు.

పన్నెండింటికి కుడి. రెండింటికి కుడి.

నిర్ణయం కాగితం తవిటమ్మ చేతికి ఇచ్చారు. ఆవిడ కూడా నాలాగే కూడబలుక్కుని చదువుతుంది. వార్డు మధ్యలో నిలబడి గోడకు వినపడేలా చదివింది. కోపం నా మీద, చదివింది గోడకు.

"మంచమునపడిన మనుష్యుని ఒత్తిగిలించుట వైద్యము కాదని అర్జీదారుడే అంగీకరించినందున, దానిని వైద్యవృత్తుల జాబితాలో చేర్చు ప్రసక్తి లేదు. అర్జీ ముగించడమైనది. ఇన్నావా గోడా? వైద్యం కాదంట! ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ మడిసి సేసింది వైద్యం కాదంట! నాను ఊడ్సినట్టేనంట!"

"నిర్ణయం అందింది," అంది గోడ. "ఒత్తిగిలించడం వైద్యం కాదు. ఊడ్చడం, దుప్పటి మార్చడం, కిటికీ తియ్యడం వరుసలో నమోదు చేశాను."

"సేసుకో! సేసు..."

తవిటమ్మ ఆగిపోయింది. కాగితం మడతపెట్టింది. నా వైపు చూసింది.

"అన్నా. నాను దుప్పటి మార్సినప్పుడు దీపం ఎలుగుతాదా?"

"వెలగదు."

"ఎందుకెలగదు?"

"వైద్యం కాదు కదా."

చెప్పాక నాకు అర్థమైంది. నేను గోడను అడగలేదు. అడిగితే అది ఏదో ఒకటి అంటుంది, నేను ఔనండి అంటాను.

చేతులు కడుక్కున్నాను. నాలుగో మంచం ఎడమపక్కకు వెళ్ళాను. ఇప్పటికే దీపం రెండుసార్లు వెలిగింది. ఇంకోసారి వెలిగితే ఆవిడ కొండవార్డుకు వెళ్ళిపోతుంది. కాగితం మీద మాట కాగితం మీదే ఉంటుందేమో, ఎవరికి తెలుసు. ఆవిడ నన్ను చూస్తోంది.

"సిస్టరమ్మా, నావైపు తిప్పుతున్నాను," అన్నాను. చెప్పి తిప్పాలి. అది కూడా ఆవిడే నేర్పింది.

ఒక చెయ్యి భుజం వెనక. ఒక చెయ్యి నడుము వెనక, వంకర తుంటికి కొంచెం పైన. అక్కడ పట్టుకుంటేనే అది ఒప్పుకుంటుంది. నావైపు లాక్కున్నాను. ఆవిడ వచ్చింది. ఎముక చిన్నగా చప్పుడు చేసింది. మోకాళ్ళ మధ్య తువ్వాలు. వీపు వెనక దిండు. కుడి తుంటి ఇరవై నాలుగు రోజుల తర్వాత గాలి పీల్చుకుంది.

దీపం కోసం చూశాను. తవిటమ్మ కూడా చూస్తోంది. చీపురు రెండు చేతులతో పట్టుకుంది.

వెలగలేదు.

"రోగిని ముట్టుకున్నవారి వృత్తి?" అంది గోడ.

"వృత్తి కాదండి," అన్నాను.

"నమోదు అయింది."

తవిటమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని మంచాల కింద ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మంచాల కింద పొద్దుటే ఊడ్చింది.

నలభయ్యో రోజు.

పలకల పని అలాగే ఉంది. వృత్తి కానిదానికి నియామకం ఉండదు. కాబట్టి పలకలు తుడుస్తాను, రెండు గంటలకోసారి మెట్లు దిగుతాను. అరవై రెండు మెట్లు. పేరుకు నేను పలకలవాణ్ణి. గోడ లెక్కలో నేను వార్డుకు దుప్పటి సర్దడానికి వస్తాను.

చెవి గులిమి తీసే ఆయనకు గనుల శాఖ నుంచి అనుమతి వచ్చిందట. హైమావతి తవిటమ్మతో చెప్పింది. అంచులు కూలకుండా తవ్వమన్నారట. తవిటమ్మ ఇప్పుడు నన్ను చూసినప్పుడల్లా "ఏమయ్యా, నీకు బుర్ర లేదా?" అంటుంది. నేను ఔనండి అంటాను.

పుండు చుట్టూ కొత్త చర్మం వస్తోంది. నడిమి భాగం ఇంకా తెరుచుకునే ఉంది. అది మూసుకోవడానికి చాలా నెలలు పడుతుంది. ఒక్కోసారి మూసుకోదు. ఈ పొద్దున పుండుకు బెత్తెడు అవతల, ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కాను. తీశాను. తెల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. ఎరుపు తిరిగి వచ్చింది.

సిస్టరమ్మ అంతా చూస్తూ ఉంది. తువ్వాలు సర్దాను.

"నెక్స్టు," అంది. ఇది పని అయిపోయినప్పటి గొంతు.

ఐదో మంచంలో ఆయన్ను పరుపు బాగానే తిప్పుతోంది. అయినా వెళ్ళి నిలబడ్డాను.

వేళ: పది.
పక్క: ఎడమ.
సంతకం: మ. గవరయ్య.